కానుక నడిచే దారి

2023 మార్చిలో 'నాటు నాటు' పాటకు ఆస్కార్ వచ్చిన రోజు మనందరికీ గుర్తే. కీరవాణి, చంద్రబోస్ వేదిక మీద నిలబడిన దృశ్యాన్ని టీవీల్లో ఎన్నిసార్లు చూపించారో, మనం ఎన్నిసార్లు చూశామో లెక్క లేదు. అదే వారం పత్రికల్లో ఒక మూలన ఇంకో వార్త వచ్చింది. నటీనటుల, దర్శకుల విభాగాల్లో నామినేషన్ పొందినవాళ్లందరికీ, గెలిచినా ఓడినా, ఒక కానుకల సంచి ముడుతుందని. దాని విలువ లక్షా ఇరవై ఆరు వేల డాలర్లు, మన లెక్కలో కోటి రూపాయల పైమాటే. ఇటలీ దీవిలో లైట్‌హౌస్‌లో బస, ఆస్ట్రేలియాలో చిన్న నేల ముక్క, చేతుల కొవ్వు తీయించుకునే శస్త్రచికిత్సకు కూపను, ఇంకా క్రీములు, చాక్లెట్లు. పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు ఆ సంచి లేదు. ముఖం తెర మీద కనబడేవాళ్లకు, తెరను నడిపించేవాళ్లకు మాత్రమే.

ఈ సంచిని ఆస్కార్ అకాడమీ ఇవ్వదు. డిస్టింక్టివ్ అసెట్స్ అనే ప్రచార సంస్థ 2002 నుంచి ఇస్తోంది. సంచిలో తమ సరుకు పెట్టినందుకు కంపెనీలే ఆ సంస్థకు డబ్బు కడతాయి. అకాడమీ కూడా ఒకప్పుడు తన వేదిక మీదికి వచ్చేవాళ్లకు బుట్టలు ఇచ్చేది. ఇవి కానుకలు కావు, ఆదాయం, పన్ను కట్టాల్సిందేనని అమెరికా పన్నుల శాఖ 2006లో తేల్చి చెప్పాక మానేసింది. ఆ శాఖ చెప్పిన కారణం నన్ను ఆలోచనలో పడేసింది. ప్రేమతోనో గౌరవంతోనో ఇచ్చినది కానుక. ప్రతిఫలం ఆశించి ఇచ్చినదానికి ఆ పేరు చెల్లదు. మన పండితులు వందల ఏళ్లుగా దాటేసిన ముక్కను ఒక పన్నుల శాఖ కాగితం మీద పెట్టింది.

చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికినదాన్ని కాబట్టి నాకు వెంటనే వచ్చిన ప్రశ్న ఇది. మన దగ్గర కానుక ఎటు నుంచి ఎటు నడిచింది? ఇచ్చిన చెయ్యి ఎవరిది, తయారుచేసిన చెయ్యి ఎవరిది, పేరు ఎవరికి దక్కింది? ఈ నడకలో ఆడవాళ్లు ఎక్కడ నిలబడ్డారు? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నా జీవితం గడిచిన ఊళ్లు. ఈ ప్రశ్నలకు అక్కడి నుంచే జవాబు వెతకాలని నా ప్రయత్నం.

కనకాభిషేకం చేయించుకున్న స్త్రీలు

మన సాహిత్య చరిత్రలో సన్మానం అనగానే చెప్పే కథలు రెండు. ప్రౌఢదేవరాయల కొలువులో శ్రీనాథుడికి బంగారు టంకాలతో జరిగిన కనకాభిషేకం, కృష్ణదేవరాయలు స్వయంగా పెద్దన కాలికి తొడిగిన గండపెండేరం. ఈ కథలను మనం బడిలో చదివాం, పిల్లలకూ చెప్పాం. కనకాభిషేకం పొందిన స్త్రీ ఉందని మాత్రం నాకు ఎమ్మే పూర్తయ్యేదాకా ఎవరూ చెప్పలేదు. పదిహేడో శతాబ్దపు తంజావూరులో, విజయరాఘవ నాయకుడి కొలువులో పసుపులేటి రంగాజమ్మ 'మన్నారుదాస విలాసము', 'ఉషాపరిణయము' రాసింది. తన గద్యలో ఎనిమిది భాషల్లో కవిత్వం చెప్పగలనని, రాజనీతి తెలుసునని, రాజు చేత కనకాభిషేకం అందుకున్నానని చెప్పుకుంది. తల్లి పేరు, తండ్రి పేరు కూడా రాసుకుంది. సాహిత్య చరిత్రకారులు మాత్రం ఆమె పాండిత్యం కంటే రాజుతో ఆమె సంబంధం గురించే ఎక్కువ రాశారు. మగ కవికి బంగారం పోస్తే ప్రతిభకు గుర్తింపు, ఆడ కవికి పోస్తే రాజుగారి మోజు!

ఆ తర్వాతి శతాబ్దంలో అదే తంజావూరులో, ప్రతాపసింహుడి కాలంలో ముద్దుపళని వచ్చింది. 'రాధికా సాంత్వనము' పీఠికలో ఆమె తన గురించి చెప్పుకున్న తీరు ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. తాను అందుకున్నవాటిని మాత్రమే ఆమె లెక్కపెట్టలేదు. పండితులకు ధనమిచ్చి సత్కరించిన స్త్రీ తనలా ఇంకెవరున్నారని, తనలా కృతులు అంకితం పొందిన స్త్రీ ఎవరున్నారని అడిగింది. అంటే కానుక విషయంలో రాజు కూర్చునే చోట తాను కూర్చుంది. ఆ పుస్తకాన్ని 1910లో బెంగళూరు నాగరత్నమ్మ మళ్లీ అచ్చు వేయిస్తే, అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. నిషేధం పోవడానికి 1947 దాకా పట్టింది. ఆ నాగరత్నమ్మే కచేరీల్లో సంపాదించిన ధనాన్ని, నగలను తిరువయ్యారులో త్యాగరాజు సమాధి మందిరానికి ధారపోసింది. అక్కడి ఉత్సవంలో ఆడవాళ్లను పాడనివ్వకపోతే ఆడవాళ్ల బృందాన్ని కూడగట్టి పాడించింది. తాను కట్టించిన గుడి ముందు పాడడానికి కూడా కొట్లాడాల్సి వచ్చిందన్నమాట.

మన హైదరాబాదులోనూ ఒకామె ఉంది. మహ్ లఖా బాయి చందా (1768–1824). నిజాం కొలువులో ఉర్దూ కవయిత్రి, జాగీరు పొందిన గాయని. 1799లో తన కవితల రాతప్రతిని జాన్ మాల్కం అనే ఆంగ్ల అధికారికి కానుకగా ఇచ్చింది. ఆ ప్రతి ఇప్పటికీ లండన్‌లో ఉంది. కంపెనీ అధికారులకు వజ్రాలు, గుర్రాలు ఇచ్చే కాలంలో ఒక స్త్రీ తన పుస్తకం ఇచ్చింది.

ఈ నలుగురినీ గొప్ప చేసి చూపించి ఆగిపోతే సరిపోదు. వాళ్లకు వచ్చిన బంగారం, జాగీరు ఎక్కడివి? రైతు కట్టిన శిస్తులోంచే వచ్చాయి. కొలువులో ఉన్న స్త్రీకి దొరికిన గౌరవం పొలంలో ఉన్న స్త్రీ చెమట మీదే నిలిచింది. ఇది చెప్పకుండా స్త్రీల చరిత్ర రాస్తే అది సగం చరిత్రే.

నజరు, నెక్లెస్

నిజాం రాజ్యంలో కానుకకు నజరు, నజరానా అని పేర్లు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ (పాలన 1911–1948) ఎదుటికి వెళ్లేవాళ్లు ఒక అష్రఫీ, నాలుగు రూపాయలు సమర్పించుకోవడం ఆనవాయితీ. అంతకుముందు పాలకులు నజరును చేత్తో తాకి తిరిగి ఇచ్చేసేవాళ్లని, ఈయన ఉంచుకునేవాడని కథలుగా చెప్పుకుంటారు. లోకంలోకెల్లా ధనవంతుడని పేరున్న మనిషి, లేనివాళ్ల దగ్గర పుచ్చుకుంటున్నాడన్నమాట.

ఇదే నిజాం 1947 నవంబరులో ఇంగ్లండు యువరాణి ఎలిజబెత్ పెళ్లికి కానుక ఇచ్చాడు. లండన్‌లోని కార్టియే దుకాణానికి కబురు పెట్టాడు, యువరాణి ఏది కోరుకుంటే అది ఇవ్వమని. ఆమె ఒక వజ్రాల నెక్లెస్, గులాబీ పూల కిరీటం ఎంచుకుంది. నెక్లెస్‌లో దాదాపు మూడు వందల వజ్రాలు. కిరీటాన్ని 1973లో విప్పించి, ఆ రాళ్లతో వేరే కిరీటం చేయించారు. నెక్లెస్ ఇప్పటికీ నిజాం పేరుతోనే ఉంది. మనవడి భార్య కేట్ 2014లో దాన్ని వేసుకుంటే పత్రికలన్నీ మళ్లీ నిజాం ఔదార్యం గురించి రాశాయి.

ఆ తేదీని మన క్యాలెండరు పక్కన పెట్టి చూడండి. 1947 నవంబరు నాటికి తెలంగాణ పల్లెల్లో సాయుధ పోరాటం నడుస్తోంది. దొడ్డి కొమురయ్య చనిపోయి ఏడాది దాటింది. రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారు. లండన్‌లో యువరాణి మెడకు నెక్లెస్ కొలత చూస్తున్నప్పుడు, ఇక్కడ ఆడవాళ్లు వడిసెలలు, కారంపొడి పట్టుకుని కాపలా కాస్తున్నారు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివినవాళ్లకు ఆ గొంతులు కొత్త కాదు. ఆ పుస్తకాన్నీ ఆ నెక్లెస్‌నూ పక్కపక్కన పెట్టి చదవాలని నాకనిపిస్తుంది.

అదే పెళ్లికి గాంధీ పంపిన కానుక కూడా చరిత్రకెక్కింది. తాను వడికిన నూలుతో అల్లిన చిన్న బట్ట. వడికినవాడి పేరు లోకానికంతా తెలుసు. అల్లింది ఒక పంజాబీ అమ్మాయి. చెప్పుకునేటప్పుడు ఆమె 'ఒక పంజాబీ అమ్మాయి'గానే మిగిలింది. వజ్రాల కానుకైనా నూలు కానుకైనా, చేసిన ఆడమనిషి పేరు దగ్గరికి వచ్చేసరికి తేడా కనబడదు.

గడికి పోయిన కానుకలు

నిజాంకు నజరు ఎట్లాగో, పల్లెల్లో దొరకు వెట్టి అట్లాగ. గొల్లవాళ్లు గొర్రెను, గౌండ్లవాళ్లు కల్లును, కుమ్మరివాళ్లు కుండలను, సాలెవాళ్లు బట్టను గడికి ఇచ్చుకోవాలి. దొర ఇంట్లో పెళ్లయినా, పురుడైనా, పండుగయినా ఊరంతా తలా ఇంత పెట్టుకోవాలి. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో ఈ పట్టిక వివరంగా ఉంది. దీనికి పెట్టిన పేర్లు చూడండి: మామూలు, కానుక, నజరానా. దోపిడీ కూడా మర్యాద మాటలే కట్టుకుని తిరిగింది. 1923లోనే నిజాం వెట్టిని నిషేధిస్తూ ఫర్మానా ఇచ్చాడు. అది గడి గుమ్మం దాటి లోపలికి పోలేదు.

మా అవ్వది కోరుట్ల దగ్గరి పల్లె. పెళ్లయి కోరుట్లకు వచ్చాక చివరిదాకా బీడీలు చేసింది. చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ పాత ముచ్చట్లు చెప్పేది. దసరాకు వాళ్లమ్మ గడికి పట్టుకపోయిన కొత్త బట్ట గురించి ఒకసారి చెప్తుంటే, "దొరకు కానుక ఇచ్చిన్రా?" అని అడిగాను. అవ్వ కత్తెర ఆపింది. "గది ఇచ్చుడంటవా బిడ్డా? ఇయ్యకుంటే బతకనియ్యకపోదురు. ఇయ్యను అన్నప్పుడు గూడ వాడు ఊకుంటే, అప్పుడు గది ఇచ్చుడు." అంతే అని మళ్లీ ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. కానుకకు ఇంతకన్నా మంచి నిర్వచనం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. వద్దనే హక్కు ఉంటేనే అది ఇవ్వడం.

గడికి పోయిన కానుకల్లో బట్ట, గొర్రె, కల్లు కాకుండా మనుషులు కూడా ఉన్నారు. దొర బిడ్డకు పెళ్లయి అత్తారింటికి పోతుంటే, పందిరి మంచంతో పాటు, ఇత్తడి బిందెలతో పాటు, ఒక పిల్లను కూడా పంపేవాళ్లు. ఆడబాప అన్నారు, దాసి అన్నారు. ఆ పిల్లకు జీతం లేదు, పెళ్లి లేదు, తిరిగి వచ్చే దారి లేదు. అక్కడి మగవాళ్లు ఏం చేసినా అడిగేవాళ్లు లేరు. బి.నర్సింగరావు 1988లో తీసిన 'దాసి' సినిమా ఈ పిల్ల కథే. ఆ పాత్ర వేసిన అర్చనకు ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం వచ్చింది. ఒక పిల్లను కానుకగా ఇచ్చిన కథను తెర మీద చెప్పినందుకు ఢిల్లీలో పురస్కారం! సినిమా గొప్పదే, నటి గొప్పదే. కానీ అసలు ఆడబాపల్లో ఎంతమంది పేర్లు మనకు తెలుసు? నాకైతే ఒక్కటీ తెలియదు. గడి కట్టిన దొరల పేర్లు మాత్రం గోడల మీద ఉన్నాయి.

ఇక్కడే కట్నం అనే మాటను కూడా తిప్పి చూడాలి. ఇంటికి వచ్చిన పెద్దమనిషికి, కవికి, గురువుకు ఇచ్చే సంభావనకు కట్నం అనే పేరు. పెళ్లికొడుక్కి ఇచ్చేది కూడా కట్నమే. పెద్దమనిషికి ఇచ్చినట్టే వరుడికి, అడగకుండానే, మర్యాదగా. 1961 వరకట్న నిషేధ చట్టం కూడా అడగకుండా ఇచ్చిన కానుకలను మినహాయించింది, జాబితా రాసి పెట్టుకోవాలంది. జగిత్యాల, కోరుట్ల ప్రాంతంలో గల్ఫ్ పోయి వచ్చే పిల్లల పెళ్లిళ్లు చాలా చూశాను. "మేమేం అడగలే, వాళ్ల బిడ్డకు వాళ్లు పెట్టుకున్నరు" అనే మాట ప్రతి పెళ్లిలోనూ వినబడుతుంది. అడగాల్సిన పని లేకపోవడమే అధికారం. దొర కూడా నోరు తెరిచి అడగలేదు కదా.

ఇయ్యం అన్న రోజులు

1935లో నాలుగో నిజామాంధ్ర మహాసభ సిరిసిల్లలో జరిగింది. మాడపాటి హనుమంతరావు అధ్యక్షుడు. దానితో పాటే జరిగిన మహిళా సభకు మాడపాటి మాణిక్యమ్మ అధ్యక్షురాలు. 1930 జోగిపేట సభ నుంచీ మహాసభతో పాటు మహిళా సభ జరుగుతూ వచ్చింది. నడింపల్లి సుందరమ్మ, ఎల్లాప్రగడ సీతాకుమారి, నందగిరి ఇందిరాదేవి వీటికి అధ్యక్షత వహించినవాళ్లు. స్త్రీవిద్య, బాల్యవివాహాలు, వితంతువుల స్థితి వాళ్లు చర్చించిన విషయాలు. వెట్టికి పోయే స్త్రీకి, ఈ సభల్లో కూర్చున్న చదువుకున్న స్త్రీకి మధ్య దూరం చాలా ఉంది. అయినా సిరిసిల్ల వంటి ఊళ్లో తొంభై ఏళ్ల కింద ఒక స్త్రీ అధ్యక్ష స్థానంలో కూర్చుందన్న సంగతి మా జిల్లా ఆడపిల్లలకు పాఠంగా లేదు. నేను చెప్పిన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా లేదు.

వెట్టి మాత్రం సభల తీర్మానాలతో పోలేదు, సాయుధ పోరాటంతో కూడా పూర్తిగా పోలేదు. కరీంనగర్ పల్లెల్లో అది డెబ్బైల దాకా ఏదో రూపంలో మిగిలింది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీలు చేసిన ఊరేగింపును 'జగిత్యాల జైత్రయాత్ర' అంటారు. చుట్టుపక్కల పల్లెల నుంచి వేల మంది వచ్చారు, ఆడవాళ్లు కూడా. వాళ్లు అడిగినవాటిలో కూలి ఉంది, భూమి ఉంది, వెట్టి పోవాలని ఉంది. అప్పటిదాకా దొరలు జనం దగ్గర గుంజిన దండుగులను తిరిగి ఇమ్మని పంచాయితీలు పెట్టారు. 'ఇచ్చింది' తిరిగి అడగడం మొదలైందన్నమాట. నెలన్నర తిరక్కుండానే, ఆ అక్టోబరు 20న, ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాత జరిగిన హింస, ఇటు నుంచీ అటు నుంచీ, చాలా రాతల్లో ఉంది. అయితే నేను ఇక్కడ ఎత్తి చూపించాలనుకున్నది ఒక్కటే. మా అవ్వ చెప్పిన 'ఇయ్యను' అనే మాటను జనం కలిసికట్టుగా అన్నారు. ఆ మాట అన్నందుకు రెండు తాలూకాలు కల్లోలితమయ్యాయి.

గాజులు, చీరలు

గతం అనుకుని ఊపిరి పీల్చుకునే వీలు లేదు. 2025 మేలో 72వ మిస్ వరల్డ్ పోటీలు హైదరాబాదులో జరిగాయి. నూరుకు పైగా దేశాల అమ్మాయిలు వచ్చారు. మే 13న వాళ్లను చార్మినార్ దగ్గరి లాడ్ బజారుకు తీసుకుపోయారు. గాజులు కొనుక్కోబోతే దుకాణదారులు డబ్బు వద్దన్నారు, మీ దేశాల్లో మా గాజుల గురించి చెప్పండి చాలన్నారు. ఆస్కార్ సంచి సూత్రమే ఇది. కొనగలిగినవాళ్లకు ఉచితం, ఎందుకంటే వాళ్ల చెయ్యి ఒక ప్రకటన. హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు 2024లో వచ్చింది. కొలిమి సెగ దగ్గర లక్క సాగదీసేవాళ్లు, ఇరుకు ఇళ్లల్లో రాళ్లు అద్దే ఆడవాళ్లు ఆ ఫోటోల్లో ఎక్కడా లేరు. దుకాణదారు ఇచ్చిన ఆ కానుకలో రాళ్లు అద్దినామె కూలి ఎంతో ఎవరూ అడగలేదు.

మర్నాడు రామప్ప గుడి దగ్గర, అతిథులు కాళ్లు కడుక్కుంటుంటే స్థానిక స్త్రీలు కొందరు నీళ్లు పోసి, తువ్వాలతో తుడిచిన దృశ్యం దేశమంతా చూసింది. అతిథి మర్యాద అన్నారు కొందరు, అవమానం అన్నారు కొందరు. నాకు ఆ అతిథుల మీద కోపం లేదు. ఇరవై ఏళ్ల అమ్మాయిలు, అంత దూరం నుంచి వచ్చారు, అందం పేరుతో వాళ్లనూ ఒక సరుకు చేస్తున్నారు. నాకు కనబడింది ఇద్దరు స్త్రీలు, ఒకరు నిలబడి, ఒకరు వంగి. ఆ ఏర్పాటు చేసినవాళ్లు ఫోటోలో లేరు.

ఇక సిరిసిల్ల. అక్కడ మరమగ్గాన్ని సాంచ అంటారు. భీవండి, షోలాపూర్ వలసపోయిన పద్మశాలి కుటుంబాలతో ముడిపడిన చరిత్ర ఆ ఊరి సాంచాలది. పాతిక వేలకు పైగా సాంచాలు ఆడిన ఊరు, అప్పులతో ఉరిపోసుకున్న నేత కార్మికుల వార్తలతో పత్రికలకెక్కిన ఊరు కూడా. సాంచ నడిపేది ఎక్కువగా మగవాళ్లు. కండెలు చుట్టేది ఆడవాళ్లు. చేతిలో కండె లేనప్పుడు ఒళ్లో బీడీల చాట ఉంటుంది. వార్పిన్, వైపని, సాంచ కార్మికుల కూలి కోసం సమ్మెలు జరుగుతాయి, ఒప్పందాలు జరుగుతాయి. ఇంట్లో కూర్చుని చుట్టిన కండెల లెక్క ఆ ఒప్పందాల్లో చివరి వరుసలో ఉంటుంది.

2017లో అప్పటి తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరలు మొదలుపెట్టింది. కోటికి పైగా స్త్రీలకు ఉచితంగా చీర, దాని ద్వారా సిరిసిల్లకు పని. ఆలోచన మంచిదే. ఆ ఆర్డర్లతో సాంచాలు ఆడాయి, ఇళ్లల్లో పొయ్యి వెలిగింది, అది కాదనలేం. మొదటి ఏడాది అంత తక్కువ గడువులో నేయలేక చాలా చీరలు సూరత్ నుంచి తెప్పించారు. నాణ్యత బాగాలేదని కొన్ని ఊళ్లల్లో ఆడవాళ్లు చీరలను రోడ్డు మీద వేసి తగలబెట్టారు. అప్పుడు నేను విన్న మాట, "ఉత్తగ వస్తే గిట్లనే ఉంటది, పొగరు." సినిమా తారకు ఉచితంగా వజ్రాల గడియారం ఇస్తే అది గౌరవం, ఆమె ధరిస్తే ఇచ్చినవాడికి గొప్ప. కూలి స్త్రీకి ఉచితంగా చీర ఇస్తే అది దయ, ఆమె నోరు మూసుకోవాలి. రెండు ఉచితాలకూ ఒకే మాట వాడుతున్నాం, నీతి మాత్రం రెండు రకాలు. ఆ చీర డబ్బు కూడా ఆమె కొన్న ఉప్పు, సబ్బు మీద కట్టిన పన్నులోదే కదా!

2023 చివర ప్రభుత్వం మారింది, ఆ చీరలు ఆగాయి. 2024లో ఆర్డర్లు లేక సాంచాలు మూతబడ్డప్పుడు సిరిసిల్ల నుంచి ఆత్మహత్యల వార్తలు మళ్లీ వచ్చాయి. 2025లో ఇందిరా మహిళా శక్తి చీరల పేరుతో మళ్లీ పని వచ్చింది. చీర పేరు మారింది. కండె చుట్టే ఆమె బతుకు మాత్రం ఎవరో ఒకరి ఔదార్యం మీద వేలాడుతూనే ఉంది.

సిరిసిల్ల నుంచి వెళ్లిన ఒక కానుకకు మాత్రం పేరు దక్కింది. వెల్ది హరిప్రసాద్ అనే నేత కళాకారుడు జీ20 గుర్తును మగ్గం మీద నేసి ప్రధానికి పంపితే, 2022 నవంబరు 27న 'మన్ కీ బాత్'లో ప్రధాని ఆయన పేరు చెప్పారు. చేసినవాడే ఇచ్చాడు, కాబట్టి పేరు నిలిచింది. సంతోషమే. అలా పేరు పలికించుకునే వీలు కండెలు చుట్టే స్త్రీకి ఎప్పుడు వస్తుంది?

మన శాలువాలు

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మనం రచయిత్రులం, అధ్యాపకులం. మనకు కోటి రూపాయల సంచి ఎవరూ ఇవ్వరు. మనకిచ్చేది శాలువా, మెమెంటో, పూలదండ. నా బీరువాలో ఇరవైకి పైగా శాలువాలు ఉన్నాయి. ఒక సభకు నూట ఇరవై కిలోమీటర్లు బస్సులో పోయి గంటసేపు మాట్లాడాను. శాలువా కప్పారు, ఫోటో తీశారు, చార్జీల మాట ఎవరూ ఎత్తలేదు. అదే వేదిక మీద ముఖ్య అతిథికి కారు, వసతి. మనం అడగం, అడిగితే చిన్నతనం అనుకుంటాం. మాట్లాడడం కూడా శ్రమే అని మనకే నమ్మకం లేదా?

పెద్ద పురస్కారాల లెక్క కూడా చూద్దాం. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగులో మొదటి పురస్కారం 1955లో సురవరం ప్రతాపరెడ్డికి ఇచ్చింది. ఒక స్త్రీకి ఇవ్వడానికి 1982 దాకా పట్టింది, ఇల్లిందల సరస్వతీదేవికి 'స్వర్ణకమలాలు' మీద. జ్ఞానపీఠం తెలుగుకు మూడుసార్లు వచ్చింది: విశ్వనాథకు, సిరిసిల్ల గడ్డ మీద హనుమాజీపేటలో పుట్టిన సినారెకు, రావూరి భరద్వాజకు. స్త్రీకి ఇంతవరకూ రాలేదు. ఈ లెక్క చెప్పేది ఇంకో నాలుగు పురస్కారాలు మనకు పడేయమని కాదు. రంగాజమ్మ కాలం నుంచీ మన ప్రతిభకు ధర కట్టే చెయ్యి మనది కాలేదని చెప్పడానికి.

ఆడవాళ్ల మధ్య నడిచే కానుకలు కూడా ఉన్నాయి. సద్దుల బతుకమ్మ నాడు చెరువు గట్టున చేతులు మార్చుకునే సద్ది, పేరంటాల్లో వాయనం, పుట్టింటివాళ్లు పోసే ఒడిబియ్యం. వాటిలోనూ కులం గీతలున్నాయి, వితంతువును పక్కన పెట్టే క్రూరత్వం ఉంది. అయినా ఇచ్చిన చెయ్యి, పుచ్చుకున్న చెయ్యి ఎదురెదురుగా ఉండే కానుకలు అవి. ఈరోజు ఇచ్చినామె రేపు పుచ్చుకుంటుంది.

శాలువాలు మానేద్దాం అని నేను అనను. ఎన్నో ఏళ్లు రాసిన ఆడమనిషి భుజాన ఒక గుడ్డ కప్పినప్పుడు ఆమె కళ్లల్లో వచ్చే తడి నాకు తెలుసు. కానీ మూడు పనులు మన చేతిలో ఉన్నాయి. మనం సభలు పెట్టినప్పుడు, వచ్చిన రచయిత్రికి బస్సు చార్జీ, మాటకు రుసుము ముందు ఇచ్చి, శాలువా తర్వాత కప్పుదాం. ఆ శాలువాను సరైన ధర ఇచ్చి నేసినవాళ్ల దగ్గరే కొందాం, నేసినవాళ్లతో పాటు కండెలు చుట్టినామె పేరు కూడా అడిగి వేదిక మీద చదువుదాం. మనకు ఎవరైనా ఏదైనా ఇస్తామన్నప్పుడు, ఎందుకిస్తున్నారని, ఎవరి శ్రమలోంచి ఇస్తున్నారని అడుగుదాం. జవాబు నచ్చకపోతే వద్దందాం. వద్దనగలిగితేనే అది కానుక అవుతుందని బీడీలు చేసుకుని బతికిన ఒక ముసలామెకు తెలుసు. ఇంత చదువుకున్న మనకు తెలియదా?